మునగాకు పొడి ప్యాకెట్ మీద "షుగర్ తగ్గిస్తుంది" అని వేయొచ్చా?

కోనసీమ_వంటిల్లు:

నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. డ్వాక్రా గ్రూపులో ఉన్న ఐదుగురం కలిసి రెండేళ్లుగా మునగాకు పొడి, కరివేపాకు పొడి, నల్లకారం చేసి అమ్ముతున్నాం. ఆకు తెల్లవారుజామునే కోసి, ఉప్పునీళ్లలో కడిగి, ఉతికిన పాత చీరల మీద నీడపట్టున మూడు రోజులు ఆరబెట్టి, మిల్లు పట్టించి, సన్న జల్లెడలో జల్లించి ప్యాక్ చేస్తాం. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉంది, ఆ 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద వేస్తున్నాం.

ఈ మధ్య సంతలకీ ఎగ్జిబిషన్లకీ వెళ్తే పక్క స్టాళ్ల డబ్బాల నిండా రోగాల పేర్లే. మా ప్యాకెట్ పట్టుకుని "ఇది దేనికి పనిచేస్తుందమ్మా" అని అడుగుతారు, "అన్నంలో కలుపుకుంటే బాగుంటుందండీ" అంటే అక్కడే పెట్టేసి వెళ్లిపోతున్నారు. చూసి చూసి రాజమండ్రిలో స్టిక్కర్లు వేసే అబ్బాయి దగ్గరకు వెళ్లాం. అతను తయారు చేసిన డిజైన్ ఇలా ఉంది: పైన ఎర్రటి గుండె బొమ్మ, పక్కన షుగర్ చూసే మెషీన్ బొమ్మ, కింద "15 రోజుల్లో షుగర్ అదుపులోకి! బీపీ, థైరాయిడ్, కీళ్ల నొప్పులకు చెక్! డాక్టర్లు సిఫారసు చేసినది". 600 స్టిక్కర్లు అచ్చు వేయించేశాం కూడా. ఇంకా ఒక్కటీ అంటించలేదు, నాకు మనసు ఒప్పుకోవడం లేదు.

ఒక కస్టమర్ ఆవిడ వాట్సాప్‌లో వాయిస్ పంపింది, మా పొడి వాడాక వాళ్లాయనకి షుగర్ 240 నుంచి 150కి వచ్చిందని. దాన్ని స్టేటస్‌లో పెడితే తప్పా? అది ఆవిడ మాటే కదా, మాది కాదు. హెల్త్ టిప్స్ చెప్పే ఒక యూట్యూబ్ అబ్బాయి 5,000 ఇస్తే మా పొడి గురించి చెబుతానంటున్నాడు. ఇంకోటి, మా ఆడపడుచు అమెరికా నుంచి తెచ్చిన మునగాకు క్యాప్సూల్స్ డబ్బా మీద బ్లడ్ షుగర్ ఆరోగ్యంగా ఉండడానికి తోడ్పడుతుందని అర్థం వచ్చేలా రాసి ఉంది. వాళ్లకి కుదిరింది మాకెందుకు కుదరదు? తెలిసినవాళ్లు చెప్పండి. మళ్లీ స్టిక్కర్లు వేయించే డబ్బులు మా దగ్గర లేవు, అందుకే టెన్షన్.

లేబుల్_మాస్టారు:

అమ్మా, ముందు ఆ 600 స్టిక్కర్లు పక్కన పెట్టేయండి. ఒక్కటి కూడా అంటించొద్దు. పదకొండేళ్లుగా చిన్న చిన్న ఫుడ్ యూనిట్లకు లేబుళ్లు చూసిపెట్టడమే నా పని, మీ డిజైన్‌లో ఉన్న ప్రతి ముక్కా ఏదో ఒక రూలుకు అడ్డమే.

మీరు అమ్మేది ఆహారం. ఆహారం ఫలానా రోగాన్ని నివారిస్తుందనో, తగ్గిస్తుందనో, నయం చేస్తుందనో చెప్పకూడదు. 2018లో వచ్చి 2019 జులై 1 నుంచి అమల్లో ఉన్న ప్రకటనలు, క్లెయిముల రెగ్యులేషన్లలో ఇది సూటిగా ఉంది. క్లెయిమ్ అంటే రాత మాత్రమే అనుకోకండి, నోటిమాటైనా బొమ్మైనా అంతే, సూచనగా చెప్పినా చెప్పినట్టే. మీ స్టిక్కర్ మీద అక్షరాలన్నీ చెరిపేసి ఆ షుగర్ మెషీన్ బొమ్మ ఒక్కటే ఉంచినా జనానికి అర్థమయ్యేది ఒకటే కదా. "డాక్టర్లు సిఫారసు చేసినది" అన్నది ఇంకా ఘోరం, వైద్యులు చెప్పారనీ ఆమోదించారనీ అర్థం వచ్చే మాటేదీ ఆహారం మీద ఉండకూడదని విడిగా రాసి పెట్టారు. ఒకవేళ ఏ డాక్టర్ గారో నిజంగానే మీ పొడి తింటున్నా సరే, వేయకూడదు.

2006 నాటి ఆహార భద్రత చట్టంలో ప్రకటన అనే మాటకి ఇచ్చిన నిర్వచనం ఒకసారి చదవండి. వెలుగు, శబ్దం, పొగ, గ్యాస్, అచ్చు, ఇంటర్నెట్, వీటిలో దేనితో చేసిన ప్రచారమైనా ప్రకటనే, ఆఖరికి రేపరూ బిల్లు కాగితం కూడా. ఇక వాట్సాప్ స్టేటస్ ఎక్కడికి పోతుంది? ఆ వాయిస్ ఆవిడ మీకు పంపినంతవరకు అది ఆవిడ మాట. మీ పొడి అమ్ముకోవడానికి మీరు దాన్ని పదిమందికి వినిపించారంటే అది మీ ప్రకటన. తప్పుదారి పట్టించే ప్రకటనకు ఆ చట్టం 53వ సెక్షన్ కింద 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. మీకు అంత వేస్తారని భయపెట్టడం లేదు, ఎంత వేయాలో విచారించి తేల్చే అధికారి వేరే ఉంటారు, వ్యాపారం స్థాయి కూడా చూస్తారు. కానీ ఐదుగురు ఆడవాళ్లు నడిపే యూనిట్‌కి నోటీసు వచ్చి, శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లి, వాయిదాలకు తిరగాల్సి వస్తే అదే పెద్ద శిక్ష.

ఇక ఏం చెప్పుకోవచ్చో చెబుతాను, ఎందుకంటే మునగాకులో చెప్పుకోవడానికి నిజంగానే బోలెడు ఉంది. మీ పొడిని ఒక్కసారి ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పోషకాల పరీక్ష చేయించండి. పుస్తకంలో పచ్చి ఆకుకి ఉన్న లెక్కలు పొడికి వేయకూడదు, ఆరబెట్టాక నీళ్లు పోతాయి, కొన్ని విటమిన్లు కూడా పోతాయి. రిపోర్టులో 100 గ్రాములకు పీచు 3 గ్రాములు దాటితే "పీచు ఉంది" అనొచ్చు, 6 గ్రాములు దాటితే "పీచు పుష్కలం" అనొచ్చు. కాల్షియం, ఐరన్ లాంటివైతే రోజుకి కావలసిన దాంట్లో 15 శాతం 100 గ్రాముల్లో ఉంటే "ఉంది" అనొచ్చు, 30 శాతం ఉంటే "ఎక్కువగా ఉంది" అనొచ్చు. రోజుకి ఎంత కావాలన్న లెక్క హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చింది. పెద్దవాళ్లకు కాల్షియం 1,000 మిల్లీగ్రాములు. కాబట్టి మీ పొడి 100 గ్రాముల్లో 300 దాటితే "కాల్షియం ఎక్కువగా ఉంది" అని ధైర్యంగా వేసుకోండి. పక్కనే "ఎముకలకు, పళ్లకు కాల్షియం అవసరం" అనొచ్చు, అది కాల్షియం చేసే పని గురించిన మాట. "ఎముకల నొప్పి పోతుంది" అన్నారో, మాట రోగం మీదకు పోయింది. నా దగ్గరకు వచ్చేవాళ్లలో సగం మంది తడబడేది ఈ రెండు వాక్యాల మధ్యే.

నా మనసులో మాట ఒకటి. 100 గ్రాముల లెక్క రూలు ప్రకారం సరైనదే, కానీ జనం తినేది చెంచాడు, మహా అయితే ఐదు గ్రాములు. ఒక చెంచాకి ఎంత వస్తుందో కూడా వేయండి. అంకె చిన్నగా కనిపిస్తుంది, ఫర్వాలేదు, కొన్నవాళ్లకి నిజం తెలుస్తుంది.

ఎవరైనా క్యాప్సూల్స్‌గా చేసి అమ్మండని సలహా ఇస్తే మాత్రం తొందరపడకండి. అది వేరే లోకం. హెల్త్ సప్లిమెంట్లు, న్యూట్రాస్యూటికల్స్ (పోషకాలను మాత్రల్లా, మోతాదుగా అమ్మేవి) రూల్స్ కిందకు వెళ్తారు, లైసెన్సు వేరు, ఏ మొక్క ఎంత మోతాదు దాకా అన్న పట్టికలు వేరు, "మందుగా వాడరాదు" అన్న హెచ్చరిక లేబుల్ మీద తప్పనిసరి.

మందులకొట్టు_కరీంనగర్:

అక్కా, చట్టం గురించి మాస్టారు చెప్పారు, నేను కౌంటర్ ఇవతల నుంచి చూసింది చెబుతా. మా షాపుకి ప్రతి నెలా ఐదో తారీఖున ఒక పెద్దాయన వచ్చేవారు, బట్టల షాపులో పనిచేసి రిటైర్ అయ్యారు, షుగర్ గోళీలు, బీపీ గోళీలు, ఒక జండూబామ్ డబ్బా. ఆ లిస్టు నాకు నోటికి వచ్చు. ఒక నెల రాలేదు. రెండో నెల వచ్చి బీపీవి మాత్రమే తీసుకున్నారు. షుగర్‌వి ఏవి పెద్దనాయినా అంటే జేబులోంచి ఒక పొడి డబ్బా తీసి చూపించారు, ఇక గోళీలు అక్కర్లేదని రాశారు బిడ్డా అన్నారు. నిజంగానే డబ్బా మీద తెలుగులో అట్లనే ఉంది, "జీవితాంతం మాత్రలు మింగే అవసరం లేదు" అని. కింద చీమ తలకాయంత అక్షరాలతో ఇది మందు కాదని కూడా ఉంది. ఆ అక్షరాలు నాకే అద్దాలు సరిచేసుకుంటే తప్ప కనపడలేదు, డెబ్బై ఏళ్లాయనకు ఏం కనపడతాయి?

డాక్టర్‌కి చూపించండి, ఆపొద్దు అని చెప్పిన. నా గోళీలు అమ్ముడుపోవాలని చెబుతున్నా అనుకున్నట్టున్నారు, నవ్వి వెళ్లిపోయారు. నాలుగు నెలలకు వాళ్ల కొడుకు వచ్చిండు, కాలి పుండుకి కట్టు కట్టే సామాను కోసం. చెప్పు కరిచిన చిన్న పుండు మానక, చీము పట్టి, రెండు వేళ్లు తీసేశారట. షుగర్ నాలుగు వందలు దాటి ఉందట. ఆ పొడిలో విషమేమీ లేదు అక్కా, ఏదో ఆకుపొడే అయి ఉంటుంది. పొడి ఆయన్ని ఏమీ చేయలేదు, దాని మీద రాత చేసింది. ఇవాళ్టికీ ఐదో తారీఖు వస్తే ఆయన గుర్తొస్తారు.

మీ కస్టమర్ ఆవిడ చెప్పిన 240, 150 గురించి కూడా ఒక మాట. అది పరగడుపున చూసిందా, తిన్నాక చూసిందా? ఆ నెలలో గోళీల డోసు ఏమన్నా మారిందా? ఆయన గోళీలు వేసుకుంటూనే పొడి తింటున్నాడా? ఇవేవీ తెలియకుండా ఆ తేడా పొడిదే అని ఎట్లా అంటాం? ఆవిడ అబద్ధం చెప్పిందని అనడం లేదు, సంబరంతో చెప్పింది. కుదిరితే ఆవిడకి ఫోన్ చేసి, గోళీలు మాత్రం ఆపించొద్దని చెప్పండి.

ఉండి_కుర్రాడు:

ఇవన్నీ బాగానే ఉన్నాయి కానీ నాకు ఒళ్లు మండేది ఒక్కటే. పొద్దున్నే టీవీ పెడితే అరగంట అరగంట ప్రోగ్రాములు, తెల్ల కోటు వేసుకున్నాయన కూర్చుని మోకాళ్ల నొప్పులు మాయం అంటాడు, కింద ఫోన్ నంబర్ తిరుగుతూ ఉంటుంది. బస్సు వెనకాల పోస్టర్, పేపర్లో సగం పేజీ. వాళ్లనెవరూ ఏమీ అనరు, చీరల మీద ఆకు ఆరబెట్టుకునే ఈ అక్కకి మాత్రం 10 లక్షల జరిమానా గురించి పాఠం. మా మావయ్య పచ్చళ్ల యూనిట్‌లో బ్యాచ్ నంబర్ సరిగ్గా పడలేదని ఎన్నిసార్లు తిప్పారో నాకు తెలుసు. రూలు అంటే అందరికీ రూలు అవ్వాలి.

వకీలు_గుంటూరు:

ఉండి తమ్ముడు అన్నదాంట్లో నిజముంది, కాదనను. చట్టాలు తక్కువై కాదు ఈ పరిస్థితి. మందులు, మంత్రాల పేరుతో ఇచ్చే అభ్యంతరకర ప్రకటనల చట్టం 1954 నుంచి ఉంది. దాని షెడ్యూల్లో షుగర్, గుండె జబ్బులు, బీపీ, ఊబకాయం, పక్షవాతం, కేన్సర్, ఎత్తు పెంచడం దాకా అన్నీ ఉన్నాయి. వీటిని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం, మొదటిసారి ఆరు నెలల దాకా, రెండోసారి ఏడాది దాకా జైలు పడొచ్చు. "మాది ఆహారం, మందు కాదు, ఆ చట్టం మాకు వర్తించదు" అని తప్పించుకోవడం కూడా అంత తేలిక కాదు, ఎందుకంటే రోగం తగ్గించడానికి వాడే పదార్థం ఏదైనా ఆ చట్టంలో మందు కిందే లెక్క. మీ పొడి గిన్నెలో ఉన్నంతసేపూ కూర. రోగం పేరు రాశారా, మీ అంతట మీరే దాన్ని మందు అని ఒప్పుకున్నట్టు. అప్పుడు ఔషధ నియంత్రణ శాఖ వాళ్లు కూడా తలుపు కొట్టొచ్చు. తెలంగాణలో ఇలాంటి లేబుళ్లు ఉన్న మందులను ఆ శాఖ వాళ్లు సీజ్ చేసిన వార్తలు 2024లో వరసగా వచ్చాయి.

పెద్దవాళ్లను ఎవరూ ఏమీ అనరు అన్నది మాత్రం పూర్తిగా నిజం కాదు. పతంజలి ప్రకటనల మీద ఇండియన్ మెడికల్ అసోసియేషన్ 2022లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇక అలాంటివి ఇవ్వబోమని పతంజలి వాళ్లు 2023 నవంబరులో కోర్టుకు మాట ఇచ్చి మళ్లీ ఇచ్చారని 2024 ఫిబ్రవరిలో ధిక్కార నోటీసు వచ్చింది. ఏప్రిల్లో పేపర్లలో క్షమాపణ అచ్చు వేయించారు. మీ ప్రకటనలు ఎంత సైజులో ఉండేవో ఈ క్షమాపణ కూడా అంత సైజులో ఉందా అని జడ్జిలు అడిగారు, తర్వాత పెద్దగా మళ్లీ అచ్చు వేయించారు. ఆ ఆగస్టులో క్షమాపణ ఒప్పుకుని ధిక్కార కేసు ముగించారు. ఆ సైజు ప్రశ్న నాకు చాలా నచ్చింది, కరీంనగర్ తమ్ముడు చెప్పిన చీమ తలకాయ అక్షరాల సంగతి కూడా అదే కదా.

ఆ యూట్యూబ్ అబ్బాయి విషయం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సెంట్రల్ అథారిటీ ఒకటి ఉంది, తప్పుదారి పట్టించే ప్రకటన అయితే తయారీదారుతో పాటు దాన్ని మెచ్చుకుంటూ చెప్పినవాళ్లకి కూడా 10 లక్షల దాకా జరిమానా వేస్తుంది, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. అలాంటివాళ్లు ఏడాది పాటు మరే ప్రకటనలోనూ కనపడకుండా నిషేధించే అధికారం కూడా ఉంది. డబ్బు తీసుకుని చెబుతున్నానని అతను వీడియోలో స్పష్టంగా చెప్పాలి. వైద్యం చదవకుండా ఆరోగ్యం గురించి మాట్లాడేవాళ్లు, ఇది డాక్టర్ సలహాకు బదులు కాదని కూడా చెప్పాలి, 2023 ఆగస్టులో దీనికి విడిగా మార్గదర్శకాలే వచ్చాయి. ఇవేవీ అతనికి తెలియకపోతే 5,000 దండగ, పైగా అతను నోరు జారిన మాటకి మీరూ జవాబుదారీ.

తమ్ముడూ, నీకు ఒళ్లు మండిన ప్రోగ్రామ్ ఈసారి కనపడితే ఫోన్‌లో రికార్డు చెయ్యి, తేదీ, టైము, ఛానల్ రాసి పెట్టుకో, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకో. ఆహారం డబ్బా అయితే ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో లేబుల్ ఫొటోతో పెట్టొచ్చు. అన్నిటికీ జవాబు వస్తుందని నేను చెప్పను. కానీ కాగితం మీద ఫిర్యాదు లేకపోతే ఏ అధికారినీ ఎందుకు కదల్లేదని అడగలేం.

ఎడిసన్_నుంచి:

అమెరికా డబ్బా గురించి నేను చెబుతానండి, ఇక్కడ సప్లిమెంట్ కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను. ఇక్కడ 1994లో వచ్చిన సప్లిమెంట్ల చట్టం ప్రకారం శరీరంలోని ఒక భాగమో, దాని పనో మామూలుగా సాగడానికి తోడ్పడుతుంది అని రాసుకోవచ్చు, రోగం పేరు ఎత్తకూడదు. అమ్మడం మొదలెట్టిన 30 రోజుల్లోగా ఆ మాట గురించి ఎఫ్డీఏకి (ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) తెలియజేస్తే చాలు, ముందస్తు అనుమతి అక్కర్లేదు. అందుకు బదులుగా, ఈ మాటను ఎఫ్డీఏ పరిశీలించలేదు, ఈ ఉత్పత్తి ఏ రోగాన్నీ గుర్తించడానికీ, నయం చేయడానికీ, నివారించడానికీ ఉద్దేశించింది కాదు అని డబ్బా మీద వేయాలి. మీ ఆడపడుచు గారి డబ్బా తిప్పి చూడండి, గడి కట్టి ఉంటుంది. అంటే ఆ వాక్యం చూసి అమెరికా ప్రభుత్వం ఒప్పుకుందని మనవాళ్లు అనుకుంటారు, ఒప్పుకోలేదు, చూడనే లేదు. ఊరికి వచ్చినప్పుడల్లా చుట్టాలందరికీ ఈ డబ్బాలు పంచిపెట్టే మాలాంటి వాళ్లం ఈ సంగతి కూడా చెప్పి ఇవ్వాలి, చెప్పం.

ప్రకటనలను చూసేది ఇక్కడ ఎఫ్టీసీ. వాళ్లు రుజువు అడుగుతారు, వాడినవాళ్ల అనుభవాలు రుజువు కింద రావు. జ్ఞాపకశక్తి పెంచుతుందని అమ్మిన ప్రెవాజెన్ మీద 2017లో కేసు వేస్తే, ఆ మాటలు వాడకూడదని కోర్టు ఉత్తర్వు రావడానికి 2024 డిసెంబరు అయింది. దాదాపు ఆ ఎనిమిదేళ్లూ సరుకు అమ్ముడవుతూనే ఉంది. కాబట్టి అమెరికా పద్ధతి చూసి ముచ్చటపడక్కర్లేదు. షుగర్ తగ్గిస్తాయని అమ్మే కొన్ని "సహజ" ఉత్పత్తుల్లో చెప్పకుండా కలిపిన షుగర్ మందులు దొరికాయని ఎఫ్డీఏ హెచ్చరించిన సందర్భాలు కూడా ఉన్నాయి, అందుకే పొడి తినగానే షుగర్ దభీమని పడిపోయిందంటే నాకు సంబరం కన్నా అనుమానమే ఎక్కువ వస్తుంది. మీ పొడి గురించి కాదండి, మీది ఉత్త ఆకే అని తెలుస్తూనే ఉంది.

కోనసీమ_వంటిల్లు:

అందరికీ చాలా చాలా థాంక్స్. కరీంనగర్ తమ్ముడు రాసింది మా గ్రూపులో చదివి వినిపించాను, మా సత్తెమ్మత్త కళ్లనీళ్లు పెట్టుకుంది, వాళ్ల అన్నయ్యకీ కాలు అలాగే పోయింది. ఆవిడే స్టిక్కర్ల కట్ట తీసుకెళ్లి పొయ్యిలో పడేసింది. 1,800 రూపాయలు పోయాయి, పోనీ. వాయిస్ పంపినావిడకి ఫోన్ చేశాను. వాళ్లాయన మాత్రలు వేసుకుంటూనే ఉన్నాడట, ఆ నెలలోనే డాక్టర్ గారు డోసు పెంచారట కూడా. ఆ సంగతి వాయిస్‌లో చెప్పలేదు. యూట్యూబ్ అబ్బాయికి వద్దని చెప్పేశాం.

ఇప్పుడు ఇలా రాద్దామనుకుంటున్నాం, మాస్టారు చూసి చెప్పండి: "మునగాకు పొడి. నీడలో ఆరబెట్టినది. మునగాకు తప్ప మరేమీ కలపలేదు. ఆషాఢంలో మన ఇళ్లలో వండుకునే మునగాకు, ఏడాది పొడుగునా. వేడి అన్నంలో నెయ్యితోనో, పప్పులోనో, దోసె పిండిలోనో ఒక చెంచా." ల్యాబ్ రిపోర్టు వచ్చాక కాల్షియం, పీచు అంకెలు వేస్తాం. ఇంకోటి, స్టాల్ దగ్గర ఎవరైనా షుగర్‌కి పనిచేస్తుందా అని అడిగితే నోటితో ఏం చెప్పాలి?

లేబుల్_మాస్టారు:

చాలా బాగుందమ్మా, దీంట్లో నేను మార్చేది ఏమీ లేదు. "మరేమీ కలపలేదు" అన్నది నిజంగా నిజమైతేనే ఉంచండి, మిల్లులో మీకు ముందు ఎవరైనా కారం పట్టించి ఉంటే మీ పొడిలో అది వస్తుంది, కాబట్టి పొద్దున్నే మొదటి వాయి మీదే పట్టించండి. స్టాల్ దగ్గర అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి, "ఇది కూర అండీ, మందు కాదు, మీ మాత్రలు మీరు వేసుకోండి, ఇది అన్నంలో తినండి" అని. నోటిమాట కూడా లెక్కలోకి వస్తుందని ముందే చెప్పాను కదా. ఆ బల్ల మీద చిన్న గిన్నెలో వేడి అన్నం, నెయ్యి, మీ పొడి కలిపి రుచి చూపించండి. ల్యాబ్‌కి పంపేటప్పుడు ఒకే బ్యాచ్ నుంచి తీసి, ఆ బ్యాచ్ నంబరు రిపోర్టులో పడేలా అడగండి. రిపోర్టు వచ్చాక ఇక్కడే పెట్టండి, అంకెలు ఎలా వేయాలో చూసి చెబుతాను.